కొత్త బోధన సామగ్రిలో దేన్ని ఎంచుకోవాలి? ఉపాధ్యాయులకు ఒక పోలిక

పాఠం చెప్పడానికి సామగ్రి దొరకని రోజులు పోయి, దొరికిన వాటిలో దేన్ని తరగతికి తీసుకువెళ్లాలో తేల్చుకోలేని రోజులు వచ్చాయి. త్రిభుజంలోని కోణాల మొత్తం అనే ఒక్క పాఠానికే వీడియోలు, తెరపై కదిలించి చూడగల బొమ్మలు, అచ్చుకు సిద్ధంగా ఉన్న అభ్యాస పత్రాలు, క్విజ్‌లు, కృత్రిమ మేధ అప్పటికప్పుడు రాసి ఇచ్చే ప్రశ్నలు వరుస కడతాయి. వాటన్నిటినీ పరిశీలించి ఎంచుకునే తీరిక ఉపాధ్యాయులకు లేదు కాబట్టి, చాలామంది చూపుకు బాగున్నదాన్నో, తోటి ఉపాధ్యాయులు చెప్పినదాన్నో తీసుకుంటారు. నేను వేరొక ఆధారం సూచిస్తాను. ఈ పాఠంలో విద్యార్థి సరిగ్గా ఏ చోట ఆగిపోతున్నాడో ముందు గుర్తించి, ఆ ఒక్క చోటు దాటించగల సామగ్రి ఏదో వెతకాలి. ఆ తరువాత, దాన్ని సిద్ధం చేసుకోవడానికి నాకు ఎంత సమయం పడుతుందని అడగాలి. ఉచితమా కాదా, కొత్తదా పాతదా అన్న ప్రశ్నలు ఈ రెండింటి తరువాతే వస్తాయి.

ఒకే పాఠం, మూడు సామగ్రులు

త్రిభుజం పాఠాన్నే తీసుకుందాం. దానికి నా దృష్టిలో మూడు మార్గాలున్నాయి: కాగితం త్రిభుజం మూలలు చింపి పక్కపక్కన పేర్చడం, జియోజెబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజాన్ని లాగి చూపించడం, నల్లబల్లపై నిరూపించడం. ఈ మూడూ ఒకే పనికి మూడు ప్రత్యామ్నాయాలని అనుకోవడం వల్లనే ఎంపికలో పొరపాటు జరుగుతుంది. నిజానికి ఒక్కొక్కటి విద్యార్థి మనసులోని ఒక్కో సందేహానికి జవాబు చెబుతుంది.

కాగితం మార్గం మొదటి పరిచయానికి ఉత్తమం, ఎందుకంటే ప్రతి విద్యార్థి చేతిలో తాను గీసుకున్న త్రిభుజమే ఉంటుంది. ఇందులో ఒక చిన్న మెలకువ పాటించాలి. మూలలను కత్తెరతో కత్తిరించనివ్వకుండా చేత్తోనే చింపించాలి, చింపే ముందే మూడు మూలల్లోనూ రంగు పెన్సిలుతో గుర్తు పెట్టించాలి. కత్తిరించిన ముక్కకు మూడు అంచులూ నున్నగానే ఉంటాయి గనుక, అసలు త్రిభుజం మూల ఏదో కత్తెర వల్ల ఏర్పడిన మూల ఏదో విద్యార్థి మరిచిపోయి, తప్పు కొనలను కలిపి, సరళరేఖ రాలేదని నిలబడిపోతాడు. చింపిన ముక్కకు ఒక అంచు గరుకుగా ఉంటుంది కాబట్టి ఆ తికమక రాదు. ఈ మార్గానికి ముందస్తు తయారీ దాదాపు ఏమీ లేదు. అయితే ముక్కలు అచ్చంగా సరళరేఖపై కూర్చోవు. కొద్దిపాటి సందు మిగులుతుంది. అది కాగితం వల్ల వచ్చిన సందా, త్రిభుజం లక్షణమా అని చురుకైన విద్యార్థి తప్పక అడుగుతాడు.

ఆ ప్రశ్న వచ్చిన తరువాతే జియోజెబ్రా అవసరం. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టిన ఈ ఉపకరణంలో త్రిభుజం శీర్షాన్ని పట్టుకుని లాగితే మూడు కోణాల విలువలూ మారుతూ ఉంటాయి, వాటి మొత్తం మాత్రం మారదు. సన్నగా సాగిన త్రిభుజానికీ, దాదాపు చదునైపోయిన త్రిభుజానికీ ఇదే వర్తిస్తుందని ఒక్క నిమిషంలో కనిపిస్తుంది. కాగితంతో ఇంత వైవిధ్యం చూపించాలంటే తరగతి మొత్తం గీసిన త్రిభుజాలను ఒకచోట పేర్చవలసి ఉంటుంది. ఇక్కడ కూడా జాగ్రత్త అవసరం. కోణాలు 50.26, 60.26, 69.48 డిగ్రీలుగా ఉన్నప్పుడు, తెరపై ఒకే దశాంశ స్థానం చూపేలా ఉంచితే అవి 50.3, 60.3, 69.5గా కనిపిస్తాయి, కూడితే 180.1 వస్తుంది. ఉపాధ్యాయుడు దీన్ని ముందుగా ఊహించకపోతే తరగతి ముందు తడబడవలసి వస్తుంది. ఊహించి ఉంటే, సన్నిహిత విలువలకు సవరించడం గురించి మాట్లాడటానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

ఎందుకు ఎప్పుడూ 180 డిగ్రీలే వస్తాయన్న ప్రశ్నకు మాత్రం కాగితం గానీ తెర గానీ జవాబు చెప్పలేవు. శీర్షం గుండా త్రిభుజం భూమికి, అంటే అడుగు భుజానికి, సమాంతరంగా ఒక రేఖ గీసి, ఏకాంతర కోణాలు సమానమని చూపించే పని నల్లబల్లదే. కాబట్టి సమయం తక్కువగా ఉండి ఒకటే ఎంచుకోవాలంటే, కింది తరగతులకు కాగితాన్ని, నిరూపణ నేర్వవలసిన తరగతులకు నల్లబల్లను ఎంచుకోమంటాను. ఈ పాఠం వరకు జియోజెబ్రా రెండింటి మధ్య వంతెన మాత్రమే. గ్రాఫులు, రూపాంతరాలు చెప్పేటప్పుడు పరిస్థితి పూర్తిగా మారుతుంది, అక్కడ నేను దానికే మొదటి స్థానం ఇస్తాను.

చేతి ప్రయోగమా, తెర మీది ప్రయోగమా

విజ్ఞాన శాస్త్రంలో ఈ ఎంపిక మరింత కఠినం. అసలు ప్రయోగం ఉండగా దాని అనుకరణ ఎందుకని ఒక పక్షం అంటుంది, పరికరాలు లేని చోట అనుకరణే శరణ్యమని మరో పక్షం అంటుంది. రెండు వాదనలూ సామగ్రి లభ్యత చుట్టూనే తిరుగుతాయి తప్ప విద్యార్థి పొరపాటు దగ్గరకు రావు.

విద్యుత్ వలయాల పాఠంలో విద్యార్థులు ఎక్కువగా పడే పొరపాటు ఒకటుంది. శ్రేణి సంధానంలో, అంటే ఒకదాని తరువాత ఒకటిగా, రెండు బల్బులు కలిపినప్పుడు, మొదటి బల్బు కొంత విద్యుత్తును వాడేసుకుంటుందనీ, మిగిలినది రెండో బల్బుకు చేరుతుందనీ వారు భావిస్తారు. దీన్ని సరిదిద్దడానికి నిజమైన బ్యాటరీ, రెండు చిన్న బల్బులు తీసుకుని వలయం కడితే కొన్నిసార్లు ఎదురుదెబ్బ తగులుతుంది. ఒకే రకమని కొన్న బల్బులు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు, ఒకటి కొంచెం మందంగా వెలుగుతుంది. అది చూసిన విద్యార్థి తన తప్పుడు అభిప్రాయమే రుజువైందని నమ్ముతాడు. బల్బుల స్థానాలు మార్చి చూపిస్తే మందంగా వెలిగేది అదే బల్బని తెలుస్తుంది గానీ, ఆ పని చేయాలని ఉపాధ్యాయుడికి ఆ క్షణంలో తోచాలి.

కొలరాడో విశ్వవిద్యాలయంలో, నోబెల్ బహుమతి గ్రహీత కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ఫెట్ అనుకరణల్లో వలయాలు కట్టే ఉపకరణం ఒకటి ఉంది. అందులో తీగల వెంట ఎలక్ట్రాన్లు నీలి చుక్కలుగా కదులుతూ కనిపిస్తాయి. మొదటి బల్బుకు ముందూ, రెండింటి మధ్యా, రెండో బల్బు తరువాతా అవి ఒకే వేగంతో సాగడం విద్యార్థి కళ్లారా చూస్తాడు. అసలు పరికరం చూపలేనిదాన్ని అనుకరణ చూపగలగడం ఇక్కడ ప్రధానం. ఇదే ఉపకరణంతో అక్కడి పరిశోధకులు చేసిన ఒక అధ్యయనం 2005లో వెలువడింది. నిజమైన పరికరాలకు బదులు అనుకరణతో నేర్చుకున్న విద్యార్థులు భావనలకు సంబంధించిన ప్రశ్నల్లోనే కాక, ఆ తరువాత నిజమైన వలయం కట్టి వివరించడంలో కూడా ముందున్నారని అందులో తేలింది. వారు విశ్వవిద్యాలయ విద్యార్థులు కనుక ఆ ఫలితాన్ని పాఠశాలకు యథాతథంగా అన్వయించలేము. అయినా అనుకరణను కేవలం పేదవాడి ప్రయోగశాలగా చూడటం సరికాదని అది గట్టిగా చెబుతోంది.

దీన్ని బట్టి నేను పాటించే నియమం ఇది. కంటికి కనిపించని దాని గురించి, అంటే ప్రవాహం, అణువుల కదలిక, బలాల దిశ వంటి వాటి గురించి పొరపాటు ఉంటే అనుకరణ ముందు, చేతి ప్రయోగం తరువాత. కొలవడం, పట్టుకోవడం, వాసన, బరువు, వేడి, ఓపిక వంటివి నేర్వవలసిన చోట చేతి ప్రయోగమే ముందు. తీగ కొనను శుభ్రంగా గీకకపోతే బల్బు వెలగదన్న సంగతి ఏ తెరా నేర్పదు. విత్తనం మొలకెత్తడాన్ని వారం రోజులు రోజూ చూసి రాసుకోవడానికి బదులు అర నిమిషపు వీడియో చూపిస్తే, మొలక కనిపిస్తుంది గానీ పరిశీలన అలవడదు.

అనుకరణను ఎంచుకునేవారికి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. దాన్ని విద్యార్థుల చేతికి ఊరికే ఇస్తే వారు బ్యాటరీకి మంట పుట్టించడంలోనే పీరియడ్ గడిపేస్తారు. మొదటి ఐదు నిమిషాలు అలా ఆడుకోనివ్వడం మంచిదే, ఉత్సుకత అక్కడే పుడుతుంది. ఆ తరువాత మాత్రం ప్రతి అడుగుకూ ముందు ఏమి జరుగుతుందో నోట్‌బుక్‌లో రాయించి, తరువాతే మీట నొక్కనివ్వాలి. ఊహ రాయకుండా ఫలితం చూసిన విద్యార్థి, తనకు ఇది ముందే తెలుసని అనుకుని సాగిపోతాడు.

వీడియోలు, చదివే పాఠాలు

వీడియోల విషయంలో పెద్దగా చర్చ అవసరం లేదు. తరగతిలోకి తేలేని దృశ్యం చూపడానికి, బడికి రాని విద్యార్థి పాఠాన్ని అందుకోవడానికి అవి బాగా పనికివస్తాయి. 2008లో లాభాపేక్షలేని సంస్థగా ఏర్పడిన ఖాన్ అకాడమీ వంటివి ఈ రెండో అవసరానికి అనువైనవి. మీరే చెప్పగల వివరణకు బదులుగా వీడియో పెట్టడం మాత్రం నష్టమే, ఎందుకంటే ఎదురుగా ఉన్న ముఖాలను చూసి ఆగడం, మళ్లీ చెప్పడం వీడియోకు రాదు. నిడివి కూడా చూడాలి. ఆన్‌లైన్ కోర్సుల వీడియోలపై 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనం సుమారు 69 లక్షల వీక్షణలను పరిశీలించింది. వీడియో ఎంత పొడవున్నా అభ్యాసకులు చూసే సమయపు మధ్యగతం 6 నిమిషాలు దాటలేదని అందులో తేలింది. వారు స్వచ్ఛందంగా చేరిన పెద్దలే అయినా పరిస్థితి అది. కాబట్టి పది నిమిషాల వీడియోలో మీకు కావలసిన రెండు నిమిషాలు ఎక్కడున్నాయో ముందే రాసిపెట్టుకుని, ఆ భాగాన్నే చూపి, మధ్యలో ఆపి ప్రశ్న అడగండి.

చదవవలసిన సమాచార పాఠాన్ని తెరపై ఇవ్వాలా, కాగితంపై ఇవ్వాలా అన్న సందేహం వస్తే కాగితాన్నే ఎంచుకోమని చెబుతాను. 54 అధ్యయనాలను కలిపి 2018లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, సమాచార పాఠాలు కాగితంపై చదివినవారికే అవగాహన మెరుగ్గా ఉన్నట్టు, సమయం పరిమితమైనప్పుడు ఆ తేడా పెరిగినట్టు కనిపించింది. కథలకు అటువంటి తేడా కనిపించలేదు. ఒక పేజీ అచ్చు వేయడానికి అవకాశం ఉన్నప్పుడు దాన్ని టాబ్లెట్‌కు ఎక్కించడం వల్ల అదనంగా వచ్చేదేమీ లేదు.

అడిగి తెలుసుకునే సాధనాలు

క్విజ్ ఉపకరణాలను ఆటగా మాత్రమే చూసేవారు వాటి అసలు బలాన్ని వదులుకుంటున్నారు. చదివినదాన్ని మళ్లీ చదవడం కన్నా, పుస్తకం మూసి గుర్తుచేసుకోవడం వల్ల జ్ఞాపకం ఎక్కువ కాలం నిలుస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె 2006లో ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారే ముందున్నారు. రెండు రోజుల తరువాత, వారం తరువాత పరీక్షిస్తే గుర్తుచేసుకున్నవారు ముందున్నారు. అందువల్ల పాఠం ముగిసిన వెంటనే పెట్టే క్విజ్ కన్నా మరుసటి వారం మొదట్లో పెట్టే క్విజ్ విలువైనది, ఏ ఉపకరణం వాడినా సరే.

ఉపకరణాల మధ్య తేడాను విద్యార్థుల చేతిలో ఏముందన్న దాన్ని బట్టి చూడాలి. కహూట్ వంటి ఆన్‌లైన్ క్విజ్‌లకు ప్రతి విద్యార్థికీ లేదా ప్రతి జట్టుకూ ఒక పరికరం, నిలకడైన ఇంటర్నెట్ కావాలి. సాధారణ అమరికలో త్వరగా జవాబిచ్చినవారికి ఎక్కువ పాయింట్లు వస్తాయి. గుణకారం పట్టిక వంటి, వేగం అవసరమైన వాటికి అది నప్పుతుంది గానీ, నిదానంగా ఆలోచించవలసిన ప్రశ్నకు ఆ పద్ధతి ఆలోచించే విద్యార్థికే శిక్ష అవుతుంది. ప్లికర్స్‌లో విద్యార్థుల చేతిలో గళ్ల గుర్తు అచ్చు వేసిన కాగితం కార్డు మాత్రమే ఉంటుంది. కార్డును నాలుగు దిక్కుల్లో ఏ దిక్కుకు తిప్పి పట్టుకుంటే ఆ జవాబు ఇచ్చినట్టు, ఉపాధ్యాయుడు తన ఫోను కెమెరాతో గది మొత్తాన్ని ఒకసారి చూస్తే అందరి జవాబులూ నమోదవుతాయి. పక్కవాడి కార్డు చూసి జవాబు చెప్పడం కష్టం, ఎవరు తప్పు చెప్పారో తరగతికి తెలియదు. పరికరాలు తక్కువగా ఉన్న తరగతికి నేను నిస్సంకోచంగా దీన్నే సూచిస్తాను. అదీ వీలుకాకపోతే చిన్న పలకలపై జవాబు రాయించి ఒక్కసారిగా పైకెత్తమనడం దాదాపు అంతే పని చేస్తుంది, పైగా నాలుగు ఐచ్ఛికాలకు పరిమితం కానవసరం లేదు.

ఉపకరణం ఏదైనా ప్రశ్న నాణ్యతే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. మూడో వంతు, నాలుగో వంతు కలిపితే ఎంతన్న ప్రశ్నకు 7/12 సరైన జవాబు. మిగిలిన మూడు ఐచ్ఛికాలుగా తోచిన సంఖ్యలు పెట్టడానికి బదులు 2/7, 1/7, 2/12 పెట్టి చూడండి. మొదటిది ఎంచుకున్న విద్యార్థి లవాలనూ హారాలనూ విడివిడిగా కూడాడు. రెండోది ఎంచుకున్నవాడు లవాన్ని అలాగే ఉంచి హారాలను మాత్రమే కూడాడు. మూడోది ఎంచుకున్నవాడికి ఉమ్మడి హారం తెలుసు, లవాలను మార్చడం మరిచాడు. ముగ్గురికీ చెప్పవలసిన మాట వేరు వేరు. ఇటువంటి ప్రశ్నలు మూడున్న క్విజ్, ఇరవై ప్రశ్నల రెడీమేడ్ క్విజ్ కన్నా మేలు.

కృత్రిమ మేధ రాసిచ్చే అభ్యాస పత్రాలు

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత ఉపాధ్యాయుల సమయాన్ని నిజంగా ఆదా చేయగల సామగ్రి ఇదేనన్న మాట బలంగా వినిపిస్తోంది. కొంతవరకు నేనూ అంగీకరిస్తాను. ఒకే నమూనాలో సంఖ్యలు మార్చి పది లెక్కలు ఇవ్వడం, ఒక పేరాను తేలిక మాటల్లో తిరగరాయడం, చర్చకు ప్రశ్నలు సూచించడం వంటి పనుల్లో అది మంచి సహాయకురాలు. చెప్పినది సరైనదో కాదో మీరు ఒక్క చూపులో పట్టగల పనులకే దాన్ని ఉపయోగించండి.

ఎందుకంటే దాని తప్పులు తప్పుల్లా కనిపించవు. 3, 4, 8 సెంటీమీటర్ల భుజాలున్న త్రిభుజం చుట్టుకొలత ఎంతని అడిగి, 15 సెంటీమీటర్లని జవాబు కూడా పొందికగా ఇచ్చిన పత్రాన్ని ఊహించండి. కూడిక సరైనదే. అటువంటి త్రిభుజం మాత్రం ఉండదు, ఎందుకంటే 3, 4 కలిసినా 8కి చాలవు. సరిచూడకుండా పంచిన ఆ పత్రం, త్రిభుజ అసమానత్వం నేర్చుకోబోయే విద్యార్థి మనసులో ముందే తప్పు బీజం వేస్తుంది. ప్రశ్నలు సరిచూసే సమయాన్ని కూడా తయారీ సమయంలో కలిపి లెక్కించండి. అలా లెక్కిస్తే, అనుభవజ్ఞుల చేతుల మీదుగా సరిదిద్దబడిన పాత ప్రశ్నల సంకలనం చాలాసార్లు తక్కువ సమయం తీసుకుంటుంది. విద్యార్థుల పేర్లు, మార్కులు, ఇంటి వివరాలు అటువంటి ఉపకరణాలకు ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకూడదు. తరగతిలో విద్యార్థులే దాన్ని నేరుగా వాడటానికి కనీస వయసు 13 ఏళ్లుగా ఉండాలని యునెస్కో 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో సూచించింది.

ఇంటర్నెట్, అనుమతులు

ఇంటర్నెట్ మీద ఆధారపడే సామగ్రిని ఎంచుకునే ముందు, అది ఆగిపోయిన రోజున పాఠం ఏమవుతుందో ఆలోచించాలి. 45 నిమిషాల పీరియడ్‌లో ప్రొజెక్టర్ కలపడానికి, పేజీ తెరుచుకోవడానికి 7 నిమిషాలు పోతే దాదాపు ఆరో వంతు పోయినట్టే. ఫెట్ అనుకరణలను ముందుగా దిగుమతి చేసుకుని ఇంటర్నెట్ లేకుండానే నడపవచ్చు. కొలిబ్రి అనే వేదిక పాఠాలు, వీడియోలు, అభ్యాసాలను ఒక చిన్న కంప్యూటర్‌లో నిల్వచేసి, గదిలోని పరికరాలకు స్థానికంగా అందిస్తుంది. వికీపీడియాను అదే విధంగా అందించే పని కివిక్స్ చేస్తుంది. రెండు సామగ్రులు మిగిలిన అన్ని విషయాల్లో సమానంగా ఉంటే, ఇంటర్నెట్ లేకుండా నడిచేదాన్నే ఎంచుకోండి.

ఇక ఉపాధ్యాయులు తరచుగా పట్టించుకోని అంశం అనుమతి. ఉచితంగా దొరకడం వేరు, మార్చుకుని పంచుకునే హక్కు ఉండటం వేరు. యునెస్కో వేదికపై 2002లో స్వేచ్ఛా విద్యా వనరులన్న భావనకు పేరు పెట్టినప్పుడు ఉద్దేశించినది ఈ రెండో హక్కునే. రచయితలు తమ సామగ్రి వాడకానికి ముందే అనుమతి ఇచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో 'బీవై' అని మాత్రమే ఉంటే, రచయిత పేరు చెప్పి స్వేచ్ఛగా మార్చుకోవచ్చు. 'ఎస్‌ఏ' ఉంటే మీరు మార్చినదాన్ని కూడా అదే షరతుతో పంచాలి. 'ఎన్‌సీ' ఉంటే వాణిజ్యానికి వాడకూడదు. 'ఎన్‌డీ' ఉన్నదాన్ని మార్చి ఇతరులకు పంచకూడదు, అనువాదం కూడా మార్పు కిందకే వస్తుంది. మీ విద్యార్థుల భాషలోకి అనువదించి తోటి ఉపాధ్యాయులకు ఇవ్వాలనుకుంటే 'ఎన్‌డీ' ఉన్న సామగ్రి ఎంత బాగున్నా పక్కన పెట్టండి. పరాయి భాషలోని పత్రంలో విద్యార్థి గణితం దగ్గర కాక వాక్యం దగ్గరే ఆగిపోతాడు కనుక, అనువదించుకునే వీలు నా లెక్కలో అందమైన బొమ్మలన్నిటి కన్నా విలువైనది.

ఎంచుకున్నదాన్ని ఒక్క పాఠానికే వాడి చూడండి. ముందు, విద్యార్థులు ఆగిపోయే చోటును పట్టే ఒక్క ప్రశ్నను చీటీలపై రాయించుకోండి. పాఠం తరువాత వారం ఆగి, సంఖ్యలు మార్చి అదే ప్రశ్న మళ్లీ అడగండి. రెండు చీటీల కట్టలనూ పక్కపక్కన పెట్టి, మొదటిసారి తప్పు రాసినవారిలో ఎంతమంది ఈసారి సరిగా రాశారో లెక్కపెట్టండి. ఆ సంఖ్యను, తయారీకి పట్టిన నిమిషాలను, లైసెన్సు గుర్తును మీ పాఠ్య ప్రణాళిక అంచున రాసిపెట్టుకుంటే, వచ్చే ఏడు ఇదే పాఠం దగ్గరకు వచ్చినప్పుడు వెతుకులాట మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు.